డిలీట్ చేసినా పోని గొంతు



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు "స్క్రీన్‌షాట్ ఉంటే కేసు నిలబడుద్దా?" అని అడిగాడు. కింద చాలామంది చాలా రకాలుగా చెప్పారు. ఒకరు సరిపోద్దన్నారు, ఒకరు పనికిరాదన్నారు, ఒకరు "లాయర్లు డబ్బుల కోసం చెప్పే మాటలు" అన్నారు. నేను కూడా ఆ లాయర్లలో ఒకదాన్నే కాబట్టి చెప్పాల్సిన బాధ్యత ఉంది. కామెంట్‌లో రెండు లైన్లు రాస్తే అర్థమయ్యే ముచ్చట కాదిది. అందుకే పొడుగ్గా రాస్తున్నా. ఓపిక ఉన్నోళ్ళు చివరిదాకా చదవండి, లేనోళ్ళు దాచుకుని తర్వాత చదవండి.

నేను కోయ పిల్లని. మా ఊరు దుమ్ముగూడెం వైపు. లా అయిపోయాక ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేరాను, ఇది మూడో ఏడు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, వాటిలోంచి సాక్ష్యం బయటికి తీసే పని గురించి కాలేజీలో మాకు ఒకటే చాప్టర్ ఉండేది, అది కూడా పరీక్ష ముందు రోజు చదివేదే. నిజంగా నేర్చుకుంది మాత్రం మా పిన్ని కూతురి కేసుతో. దాని పేరు రాయను. చెల్లి అంటాను.

చెల్లి ఒక పట్టణంలో డిగ్రీ చదువుతుంది. వాళ్ళ క్లాసు వాట్సాప్ గ్రూపులో అరవైకి పైగా పిల్లలున్నారు. ఒక రాత్రి, కాలేజీ కార్యక్రమంలో ఎవరు యాంకరింగ్ చెయ్యాలనే చిన్న గొడవ మీద, ఒక అబ్బాయి వాయిస్ మెసేజ్ పెట్టాడు. 41 సెకన్లు. చెల్లి పేరు కాదు, మన తెగ పేరు పెట్టి పిలిచాడు. మిగతాది ఇక్కడ రాయను. మీలో చానామంది అట్లాంటివి విన్నోళ్ళే, రాయకపోయినా అర్థమవుద్ది. రాత్రి 11 దాటాక పెట్టాడు. పొద్దున తొమ్మిదింటికి ఎవరో భయపెట్టినట్టున్నారు, "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొట్టేశాడు. అరవై ఫోన్లలోనూ "ఈ మెసేజ్ తొలగించబడింది" అనే బూడిద రంగు లైను ఒక్కటే మిగిలింది.

చెల్లి స్క్రీన్‌షాట్ తీసింది. అందులో ఏముంటది? ఒక వాయిస్ మెసేజ్ గీత, పక్కన టైము. మాట వినపడదు కదా.

అయితే చెల్లి రూమ్మేట్ రాత్రే ఆ మెసేజ్‌ని వాళ్ళ అన్నకి ఫార్వర్డ్ చేసింది, "చూడన్నా ఎట్లా మాట్లాడుతున్నాడో" అని. ఫార్వర్డ్ చేసిన కాపీ మిగిలింది. కానీ ఫార్వర్డ్ చేసినదాని మీద అసలు ఎవరు పంపారో ఉండదు. "ఆ గొంతు నాది కాదు, ఎక్కణ్ణుంచో తెచ్చి నా మీద పెడుతున్నారు" అంటే ఏం చెప్తాం?

మా సీనియర్ గారు ఒక ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన ఆయనకి ఫోన్ చేశారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: "మెసేజ్ పెట్టింది రాత్రి రెండింటికి ముందా, తర్వాతా?" ముందే అన్నాం. "డిలీట్ చేసింది?" రెండింటి తర్వాత. "అయితే ఆ పిల్ల ఫోను వెంటనే ఆపెయ్యమనండి" అన్నారు.

విషయం ఏంటంటే, ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ రోజూ తెల్లారుజామున రెండింటికి చాట్‌లన్నీ ఒక ఫైలుగా ఫోన్లోనే దాచుకుంటది. గూగుల్ డ్రైవ్‌లో కాదు, ఫోన్లోనే. అట్లా దాచిన ఫైళ్ళు దాదాపు ఏడు రోజులవి ఉంటాయి, కొత్తది వచ్చేకొద్దీ పాతది పోద్ది. మెసేజ్ 11కి వచ్చింది, 2కి బ్యాకప్ అయింది, 9కి చెరిపేశాడు. అంటే ఆ రాత్రి బ్యాకప్ ఫైల్లో ఆ మెసేజ్ వరస ఇంకా ఉంది: ఏ నంబరు నుంచి, ఏ టైముకి, ఏ గ్రూపులోకి. ధ్వని ఫైలు ఉండకపోవచ్చు, కానీ దాని "హ్యాష్" ఉంటది. ఫార్వర్డ్ చేసిన కాపీకీ హ్యాష్ ఉంటది. రెండూ ఒకటే అయితే, అన్నకి చేరిన గొంతూ గ్రూపులో పడ్డ గొంతూ ఒకటే అన్నట్టు.

హ్యాష్ అంటే ఏంటో ఇక్కడ చెప్పేస్తాను, ఎందుకంటే ఈ మొత్తం శాస్త్రం దాని మీదే నిలబడింది. ఒక ఫైలుని లెక్కలో వేస్తే ఒక పొడుగు నంబరు వస్తది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కలో అయితే 64 అక్షరాలు, అంకెలు. రేషన్ బియ్యం బస్తా నోరు విప్పి, గుప్పెడు తీసి, మళ్ళీ కుట్టేస్తే పైకి కుట్టు అట్లాగే కనపడుద్ది. హ్యాష్ అట్లా కాదు. ఒక్క గింజ తగ్గినా, ఒక్క గింజ ఎక్కువైనా నంబరు మొత్తం మారిపోద్ది. అందుకే ల్యాబ్‌లో ఫోను గానీ హార్డ్ డిస్క్ గానీ తీసుకున్నాక ముందు దానికి అచ్చు కాపీ తీస్తారు, హ్యాష్ రాసుకుంటారు, పని మొత్తం ఆ కాపీ మీదే చేస్తారు. హార్డ్ డిస్క్‌లో పొరపాటున కూడా ఒక్క అక్షరం పడకుండా మధ్యలో రైట్ బ్లాకర్ అనే చిన్న డబ్బా పెడతారు. ఫోన్లయితే సిగ్నల్ రానివ్వని సంచిలో వేస్తారు, ఎవరూ దూరం నుంచి చెరపకుండా. ఫోన్లలోంచి డేటా తీయడానికి ఇజ్రాయెల్ కంపెనీ సెలబ్రైట్ వాళ్ళ యంత్రం పేరు ఎక్కువగా వినపడుద్ది. కంప్యూటర్లకి ఎన్‌కేస్, ఎఫ్‌టీకే లాంటివి. ఇంకా ఉన్నాయి. పేర్లు బట్టీ పట్టాల్సిన పని లేదు.

మళ్ళీ ఫోను దగ్గరికొద్దాం. "ఫోను ఆపెయ్యి" అని చెప్పడం ఈజీ. ఆ రూమ్మేట్ ఫోను వాళ్ళ నాన్న తునికాకు డబ్బులతో కొన్నది, పదకొండు వేలది. దాని నోట్సులన్నీ అందులోనే. స్కాలర్‌షిప్ ఓటీపీ వచ్చే సిమ్ము అందులోనే. వచ్చే వారం ఇంటర్నల్స్. పైగా అది మన పిల్ల కూడా కాదు, బీసీ వాళ్ళ పిల్ల. కేసుతో దానికి ఏం సంబంధం? అయినా ఆ రోజు సాయంత్రమే ఆపేసి, సిమ్ము తీసి వేరే డబ్బా ఫోన్లో వేసుకుని, అసలు ఫోన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. అట్లాంటి సాక్షి దొరకడం మామూలు విషయం కాదు. కేసు గురించి ఎవరు అడిగినా ముందు ఆ పిల్ల గురించే చెప్తాను నేను.

స్టేషన్‌కి వెళ్తే అక్కడున్నాయన "స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసి తీసుకురండి చాలు" అన్నాడు. చెడ్డగా మాట్లాడలేదు, పాపం ఆయనకి తెలిసిందే చెప్పాడు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసులు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చెయ్యాలని ఆ చట్టం నిబంధనల్లోనే ఉంది. మేం డీఎస్పీ ఆఫీసుకి రాతపూర్వకంగా పెట్టుకున్నాం, ఏడు రోజుల్లో బ్యాకప్ పోద్దని కారణం కూడా రాశాం. ఐదో రోజు ఫోను స్వాధీనం చేసుకున్నారు. పంచనామాలో మొదట "నీలం రంగు సెల్‌ఫోను ఒకటి" అని రాశారు. నీలం రంగు సెల్‌ఫోన్లు ఈ జిల్లాలో ఎన్ని వేలున్నాయో! మా సీనియర్ గారు అడిగితే ఐఎంఈఐ నంబర్లు రెండూ రాశారు, పగిలిన గాజు మూల కూడా రాశారు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చాక, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి. తీశారు. ఆ వీడియోలో రూమ్మేట్ తన పిన్ నంబరు కాగితం మీద రాసి ఇవ్వడం కూడా ఉంది.

ఇప్పుడు తమ్ముడు అడిగిన ప్రశ్నకి సూటిగా వస్తాను. స్క్రీన్‌షాట్ సాక్ష్యమే కాదని కాదు. కానీ అది నకలు. నకలుకి సర్టిఫికెట్ కావాలి. పాత చట్టంలో దీన్ని 65బీ అనేవాళ్ళు. 2014లో అన్వర్ కేసులో, మళ్ళీ 2020 జూలైలో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సర్టిఫికెట్ తప్పనిసరి అంది. అదే తీర్పులో ఇంకో ముఖ్యమైన మాట ఉంది: అసలు పరికరమే కోర్టుకి తెచ్చి, దాని సొంతదారే బోనెక్కి "ఇది నా ఫోను, ఇందులోనే ఉంది" అని చెప్తే సర్టిఫికెట్ అక్కర్లేదు. మన పేదోళ్ళకి ఇదే పెద్ద ఆధారం. కాబట్టి మెసేజ్ వచ్చిన ఫోన్ని అమ్మకండి, దసరా ఆఫర్‌లో ఎక్స్‌చేంజ్ ఇవ్వకండి, హ్యాంగ్ అవుతుందని రీసెట్ కొట్టకండి. కేసు తేలేదాకా అది ఫోను కాదు, సాక్షి.

ఇప్పటి చట్టం భారతీయ సాక్ష్య అధినియం, సెక్షన్ 63. సర్టిఫికెట్ రెండు భాగాలైంది. మొదటిది ఆ పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్ళు రాయాలి, రెండోది నిపుణుడు రాయాలి. రెండింటిలోనూ హ్యాష్ నంబరు వెయ్యాలి. చట్టం రాసినోళ్ళు మంచి ఆలోచనతోనే రాసి ఉంటారు. కానీ చర్ల నుంచో, చింతూరు నుంచో వచ్చిన మనిషి ఆ నిపుణుణ్ణి ఎక్కడ పట్టుకోవాలి? పోలీసు కేసయితే ల్యాబ్ ఇస్తది. మనంతట మనం ప్రైవేటు ఫిర్యాదు వేసుకుంటే? దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. హైదరాబాద్‌లో ఫీజు తీసుకుని రాసిచ్చేవాళ్ళున్నారు, ఆ ఫీజు మనోళ్ళ నెల కూలీ.

ల్యాబ్ రిపోర్ట్ వచ్చేసరికి ఐదు నెలలు పట్టింది. వరస దొరికింది. నంబరు ఆ అబ్బాయిదే. హ్యాష్ కలిసింది. మా సీనియర్ గారు రిపోర్ట్ రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అంతకంటే ఏం అనలేదు. చెల్లి మాత్రం ఏడ్చింది. ఈ ఐదు నెలల్లో "రాజీ పడండి, పిల్లోడి భవిష్యత్తు" అని ఇంటికి వచ్చినోళ్ళు ఎంతమందో. పిల్ల భవిష్యత్తు గురించి ఒక్కరూ అడగలేదు.

అంతటితో అయిపోలేదు. అవతలి పక్క వకీలు కొత్త మాట ఎత్తుకున్నారు: "ఈ గొంతు ఏఐతో తయారు చేసింది." ఇది ఇక ముందు ప్రతి కేసులో వినబోతున్నాం, రాసి పెట్టుకోండి. కొద్ది సెకన్ల గొంతు దొరికితే దాంతో ఏ మాటైనా పలికించే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి. నిజమే. దానివల్ల రెండు నష్టాలు. అబద్ధపు ఆడియోతో మనల్ని ఇరికించొచ్చు. నిజమైన ఆడియోని అబద్ధం అని తోసెయ్యొచ్చు. రెండోదే నాకు ఎక్కువ భయం. ఏఐ గొంతుని పట్టుకునే పరికరాలు కూడా వస్తున్నాయి, కానీ అవి "ఇంత శాతం అనుమానం" అని చెప్తాయే తప్ప ఖాయంగా చెప్పలేవు. వాట్సాప్‌లో నలిగి నాణ్యత తగ్గిన ఆడియో మీదయితే ఇంకా కష్టం.

మా కేసులో మాకు బలం గొంతు కాదు, దారి. ఎవరో గొంతు తయారు చేశారే అనుకుందాం, అది ఆ రాత్రి ఆ అబ్బాయి నంబరు నుంచే ఎట్లా వచ్చింది? దానికి జవాబు వాళ్ళే చెప్పాలి. గొంతు నమూనా కోసం కూడా పిటిషన్ పడింది. గొంతు నమూనా ఇవ్వమని మేజిస్ట్రేట్ ఆదేశించొచ్చని 2019లో రితేష్ సిన్హా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 349లో రాసే ఉంది. ఇంకో వాదన కూడా మిగిలి ఉంది: వాట్సాప్ గ్రూపు "పదిమంది చూసే చోటు" అవుద్దా కాదా అని. యూట్యూబ్ వీడియోలో ఒక ఆదివాసీ మహిళని అవమానించిన కేసులో, ఇంటర్నెట్‌లో పెట్టింది కూడా ఆ లెక్కలోకే వస్తదని 2022లో కేరళ హైకోర్టు అంది. మా కోర్టు ఏమంటదో చూడాలి.

ఇంతదాకా రాసింది ఫోను మన పక్షాన మాట్లాడిన కథ. ఫోను, కంప్యూటరు మన మీద మాట్లాడే రోజు కూడా ఉంటది. జార్ఖండ్‌లో ఆదివాసీల భూముల కోసం, విచారణ లేకుండా జైళ్ళలో మగ్గుతున్న ఆదివాసీ కుర్రాళ్ళ కోసం పనిచేసిన స్టాన్ స్వామి గారి సంగతి మీకు తెలుసు. భీమా కోరేగావ్ కేసులో 2020 అక్టోబర్ 8న అరెస్టు చేశారు. 2021 జూలై 5న బెయిల్ రాకుండానే చనిపోయారు, 84 ఏళ్ళు. ఆయన మీద చూపించిన ఆధారాల్లో ముఖ్యమైనవి ఆయన కంప్యూటర్‌లో దొరికాయన్న ఫైళ్ళు. "ఇవి నావి కావు" అని ఆయన చివరిదాకా చెప్తూనే ఉన్నారు.

డిఫెన్స్ లాయర్లు ఆ కంప్యూటర్ల కాపీలని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే సంస్థకి పంపారు. 2021 ఫిబ్రవరిలో బయటికొచ్చిన మొదటి నివేదిక అదే కేసులో ఉన్న రోనా విల్సన్ ల్యాప్‌టాప్ గురించి. 2016 జూన్ 13న, వరవరరావు గారి మెయిల్ ఖాతా వాడిన ఎవరో పంపిన మెయిల్‌లోని ఫైలు తెరవడంతో నెట్‌వైర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ లోపలికొచ్చిందని, దాని ద్వారా దాచిన ఫోల్డర్‌లో ఉత్తరాలు పెట్టారని అందులో రాశారు. నాకు ఒక వివరం బాగా నచ్చింది. ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది వర్డ్ 2007. ఆ ఉత్తరాల్లో కొన్ని అంతకంటే కొత్త వర్డ్‌లో తయారైనవి. ఇంట్లో లేని గొడ్డలితో ఇంట్లో కట్టె కొట్టినట్టు! 2022 డిసెంబర్‌లో స్టాన్ స్వామి గారి కంప్యూటర్ మీద నివేదిక వచ్చింది. 2014 నుంచి 2019 దాకా బయటివాళ్ళ చేతిలో ఉందని, పోలీసులు పట్టుకెళ్ళడానికి ముందు రోజు, 2019 జూన్ 11న, ఆ బయటివాళ్ళే తమ జాడలు తుడిచే పని పెట్టుకున్నారని అందులో ఉంది. రేపు సోదా జరగబోతుందని వాళ్ళకి ఎట్లా తెలుసు? ఎన్‌ఐఏ ఈ నివేదికలని ఒప్పుకోలేదు. కోర్టులో విచారణ జరిగి తేలాల్సిందే. కానీ ఆ పెద్దాయన దాన్ని చూడకుండానే పోయారు.

ఇందులోంచి నేను తీసుకున్నది ఏంటంటే, ఎవరి దగ్గరైనా ఫోను గానీ ల్యాప్‌టాప్ గానీ తీసుకెళ్తున్నప్పుడు రసీదు అడగాలి, ఐఎంఈఐ గానీ సీరియల్ నంబరు గానీ రాయించుకోవాలి, హ్యాష్ తీశారా అని అడగాలి, తర్వాత లాయరు ద్వారా అచ్చు కాపీ కోసం పిటిషన్ వెయ్యాలి. అచ్చు కాపీ దొరికితేనే ఎవరైనా రెండోసారి పరీక్షించగలరు. స్వాధీనం చేసుకున్న రోజు హ్యాష్ రాయకపోతే, తర్వాత ఆ డబ్బాలో ఏం పెట్టినా, ఏం తీసినా చెప్పేవాడు లేడు. పాస్‌వర్డ్ చెప్పమని నిందితుణ్ణి బలవంతం చెయ్యొచ్చా అనే దాని మీద కోర్టుల్లో ఇంకా ఒక్క మాట లేదు. అట్లాంటప్పుడు లాయరుతో మాట్లాడకుండా ఏదీ చెయ్యకండి.

పోడు గురించి కూడా రెండు ముక్కలు, ఎందుకంటే మన గ్రూపులో సగం ఇళ్ళల్లో ఆ గొడవుంది. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్నట్టు చూపించాలి. "శాటిలైట్ ఫోటోలో మీ పోడు లేదు" అని క్లెయిములు తోసేసిన కథలు మనందరికీ తెలుసు. ఆ రోజుల ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క 30 మీటర్లు. లెక్కేసి చూడండి: రెండెకరాల పోడు మొత్తం తొమ్మిది చుక్కలు. మధ్యలో మన తాతలు కొట్టకుండా వదిలిన ఇప్ప చెట్లుంటే ఆ చుక్కలు అడవిలాగే కనపడతాయి. చట్టం ఈ సంగతి ముందే ఊహించింది. 2012లో సవరించిన నిబంధనల్లో 12ఏ(11) చూడండి: శాటిలైట్ చిత్రం మిగతా ఆధారాలకి తోడుగా వాడొచ్చు, వాటికి బదులుగా కాదు. గ్రామసభలో పెద్దోళ్ళ మాట, పాత శిస్తు రసీదులు, చెట్ల గుర్తులు, సమాధి రాళ్ళు, ఇవన్నీ ఆధారాలే. ఈ నిబంధన నంబరు ఫోన్లో దాచుకోండి. ఇప్పుడు కొత్తగా మీ పొలం ఫోటోలు తీస్తుంటే కెమెరాలో లొకేషన్ ఆన్‌లో పెట్టండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటోలోని తేదీ, చోటు వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి.

చివరిగా, కంప్యూటర్లు చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. ఈ పని మనం నేర్చుకోలేనిదేం కాదు. ఆటోప్సీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు విండోస్ ల్యాప్‌టాప్‌లో నడుస్తది. ప్రాక్టీసు కోసం తయారు చేసిన డిస్క్ కాపీలు కూడా నెట్‌లో ఉచితంగా పెట్టారు, డిజిటల్ కార్పోరా అని వెతకండి. డిగ్రీ అయ్యాక గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది, కేంద్ర సంస్థ కాబట్టి మనకి 7.5 శాతం సీట్లుంటాయి. ఏడేళ్ళు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు చోటుకి వచ్చి తీరాలని కొత్త చట్టం అంటుంది. అంటే ఉద్యోగాలు పెరుగుతాయి. ఆ సర్టిఫికెట్ రెండో భాగంలో సంతకం పెట్టగల మనిషి భద్రాచలంలో ఒకరు, పాడేరులో ఒకరు, ఉట్నూరులో ఒకరు మనోళ్ళే ఉంటే ఎట్లా ఉంటదో ఆలోచించండి.

చెల్లి కేసు వాయిదా వచ్చే నెల 18న ఉంది. ఆ రోజు రూమ్మేట్ బోనెక్కాలి. ఫోను ఇంకా కోర్టు ఆస్తిగానే ఉంది. ఆ పిల్ల మాత్రం ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఇంకోటి కొనుక్కుంది, మేమందరం తలా కొంచెం వేశాం. ఎవరికైనా ఇట్లాంటి మెసేజ్ వచ్చి ఏం చెయ్యాలో తెలియకపోతే ముందు ఫోను ఆపెయ్యండి. తర్వాత ఇంకొకరి ఫోన్లోంచి నాకు చెయ్యండి. నా నంబరు అడ్మిన్ దగ్గరుంది.